ద్వారము వేంకటస్వామినాయుడుగారును విజయనగర గానపాఠశాలయు

సంగీతము పాఠశాలలోఁ జెప్పఁదగిన విద్యయా కాదా యను ప్రశ్నము మన దేశమున నూఱేండ్లకుఁ బైగా నడచుచున్నది. గురువు నింట నుండి, నీళ్లు మోసి, తంబురా శ్రుతిచేసి, ఆయన పాడినప్పుడు వినియు, పాడనప్పుడు కనిపెట్టుకొని యుండియు నేర్వవలసినదానిని గంటలచొప్పున విభజించి, నల్లబల్లమీఁద వ్రాసి, సంవత్సరాంతమునఁ బరీక్షించుట విద్యను జంపుట యని యొక పక్షము. గురుకులము లడుగంటిన కాలమున పాఠశాలయు లేనిచో విద్యయే యుండదని రెండవ పక్షము. ఈ వాదము వ్యాకరణమునకును దగిలినదే. నేను సంస్కృతపాఠశాలలో శబ్దశాస్త్రము చెప్పి జీవించుచున్నవాఁడను గావున దీనియందు నాకు స్వార్థము గలదని ముందే యొప్పుకొనుచున్నాను. అయినను వాదముచేఁ దేలనిదానిని చరిత్రము కొంతవఱకుఁ దేల్చును. అట్టి చరిత్రము మన కళింగసీమలోనే, విజయనగరముననే జరిగినది. దానికి నాయకులు 'ఫిడేలు నాయుడుగా'రని జనులెఱిఁగిన ద్వారము వేంకటస్వామినాయుడుగారు.

ముందుగా వాద్యమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఫిడేలును మనవారు 'వాయులీనము' అని వ్యవహరించుచున్నారు. వ్యుత్పత్తిని జూచువారి కీ మాట కొంచెము కంటకముగానే యుండును. వాయువునందు లీనమైనది వాయులీనము. భరతుఁడు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించెను. అందు వాయువుతోఁ బనిగలది వేణువు మొదలగు సుషిరవాద్యము; ఫిడేలు తంత్రులు గల తతవాద్యము. 'వయొలిన్' అను పరభాషాపదమునకు ధ్వనిసామ్యమునుబట్టి సంస్కృతపుఁ దొడుగు తొడిగినారే కాని యెవ్వరును నర్థమును విచారింపలేదు. అయినను రూఢి యోగమును గెలుచునని మన శాస్త్రమే చెప్పుచున్నది. కావున నేనును ఆ పదమునే వాడుచున్నాను.

కమానుతో వాయించు వీణలు మనకుఁ బూర్వము లేకపోలేదు. శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునఁ బినాకీవీణను జెప్పియున్నాఁడు. దీనినిబట్టి ఫిడేలు మనదే యనియు, ఐరోపావారు మన యొద్దనుండి కొనిపోయిరనియు వ్రాయువారు గలరు. స్వాభిమానము మంచిదే. కాని యిప్పటి ఫిడేలు రూపము పదునాఱవ శతాబ్దమున ఇటలీదేశమున స్థిరపడినదనుటలో సందేహము లేదు. మన సంగీతములోనికి అది వచ్చినది పందొమ్మిదవ శతాబ్దారంభమున. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముఁడు బాలుస్వామి దీక్షితులు దొరల వాద్యకారుని యొద్ద దానిని నేర్చి కర్ణాటకసంగీతమున కలవఱచెను. తంజావూరు వడివేలునకుఁ దిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. వాద్యము పరదేశమునదే, కాని దానిని వాయించు తీరును మనవారు మార్చివైచిరి. దొరలు గడ్డముక్రింద నదిమిపట్టి వాయింతురు. మనవారు నేలపైఁ గూర్చుండి, దాని తలను పాదముమీఁద నానించి, రెండవ కొనను ఱొమ్మునకుఁ జేర్చిరి. తంత్రులను స-ప-స-ప లుగా మేళవించిరి. వాద్యమును మోయు భారము తప్పుటచే నెడమచేయి తంత్రిపై నిరాటంకముగా జాఱఁగలిగినది. గమకమునకుఁ ద్రోవ యేర్పడినది.

ఇంతచేసియు మనవారు ఫిడేలునకు నిచ్చిన స్థానము ప్రక్కవాద్యపు స్థానము మాత్రమే. గాయకుఁ డేమి పాడిన దానినే వెంబడించుట, ఆతఁ డూపిరి తీసికొనునప్పుడు నాదము తెగకుండఁ గాచుట, అవకాశ మిచ్చినపుడు కొంచెము వాయించి మరల తగ్గుట దాని పని. ఇచ్చట నాకు యాస్కుని నిరుక్తములోని యొక వివాదము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఉపసర్గలు విడిగా నున్నపుడు వాని కర్థము లేదు, అవి నామాఖ్యాతముల యర్థమును వెలిగించునవి మాత్రమే యని శాకటాయనుఁడనెను. కాదు, వానికిని స్వకీయములైన యర్థములు గలవని గార్గ్యుఁడనెను. వైయాకరణులు చాలవఱకు ద్యోతకపక్షమునే నిలిపిరి. సంగీతసభలయందు ఫిడేలు నూఱేండ్లు ద్యోతకముగానే యుండెను. గార్గ్యుని పక్షమును వాద్యమునందు నిరూపించినవారు నాయుడుగారు. వారి జీవితమున నాకుఁ గనఁబడు ముఖ్యాంశ మిదియే. దీనిని వారు మహానగరమందలి సభలలోఁ గాక యొక చిన్న పట్టణమునందలి పాఠశాలలోఁ గూర్చుండి సాధించుట రెండవ యంశము.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీని బెంగుళూరునందు జన్మించిరి. అది విజయనామ సంవత్సర దీపావళి యమావాస్య. విజయనామ సంవత్సరమునఁ బుట్టినవారు విజయనగరమునకుఁ బేరు తెచ్చుట చమత్కారమే కాని, నేను దీనిని శకునముగాఁ జెప్పుటలేదు. తండ్రిగారు సైన్యమున నుద్యోగి. పిమ్మట కుటుంబము విశాఖపట్టణమునఁ జేరినది. బాల్యమునుండియు నాయుడుగారికిఁ జూపు మందము, బడిచదువు సాగలేదు. అన్నగారు వేంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలు నిచ్చి తొలిపాఠములు చెప్పిరి. అక్షరములు కంటి కానకపోయినవాని చెవికి స్వరము లెట్లు కానవచ్చినవో మనము తరువాతి చరిత్రమునుబట్టి యూహింపవచ్చును.

విజయనగర సంస్థానము విద్యలకుఁ బుట్టినిల్లు. సంస్కృతకళాశాలలోఁ దాతా సుబ్బరాయశాస్త్రిగారు శబ్దేందుశేఖరమును జెప్పుచుండిరి. శేఖరమునకు వారు రచించిన గురుప్రసాదమను వ్యాఖ్య యెఱుఁగని వైయాకరణుఁడు మన ప్రాంతమున నుండఁడు. వీణెకు నీ సీమ పూర్వమునుండియుఁ బ్రసిద్ధము. బొబ్బిలికి దాపునఁగల గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసకొయ్యతోఁ జేయు వీణలు నేఁటికిని దేశమంతటఁ బోవుచున్నవి. ఇట్టి చోట 1919 ఫిబ్రవరి 5వ తేదీని పూసపాటి విజయరామగజపతి మహారాజుగారు విజయరామ గానపాఠశాలను స్థాపించిరి. గణించి చూచితిని, నాఁడు మాఘశుద్ధపంచమి, శ్రీపంచమి. శారదాపూజాదినమున విద్యాలయమును దెఱచుట తలంచి చేసిన పనియే కావలయును. సంస్థానోద్యోగి యొకరికిఁ జూపులేని కుమారుఁ డుండెననియు, వానికి సంగీతము చెప్పింప నెచ్చటికిఁ బంపుదునని యాయన మహారాజు నడుగఁగా, ఒక్కని నెచ్చటికో పంపుటకంటె నిచ్చటనే పాఠశాలను బెట్టుట మేలని మహారాజు నిశ్చయించెననియు విజయనగరమునఁ బెద్దలు చెప్పుదురు.

పాఠశాలకుఁ బ్రథమాధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో అజ్జాడయందుఁ బుట్టి, హరికథకు రూపమును బ్రతిష్ఠను నిచ్చిన యా మహనీయునిఁ గూర్చి యిచ్చట విస్తరింపఁబనిలేదు. ఒక్క సంగతి మాత్రము చెప్పవలయును. దాసుగారు సంగీతమున నెక్కువభాగము స్వయంకృషిచే సాధించినవారు. గానపాఠశాలకు నాయకుఁడుగా వచ్చినవాఁ డే గానపాఠశాలకును బోనివాఁడు! ఆ పాఠశాలలో విద్యార్థిగాఁ జేరుదమని విశాఖపట్టణమునుండి వచ్చిన నాయుడుగారి వాదనమును విని, 'ఇతఁడు నేర్చుకొనవలసినవాఁడు కాఁడు, నేర్పవలసినవాఁడు' అని నిశ్చయించి యుపాధ్యాయపదవి నిచ్చిరని చెప్పుదురు. ఆ పదవిని స్వీకరించునప్పటికి నాయుడుగారి కిరువదియాఱవ యేఁడు. యోగ్యతాపత్రము లడుగక విద్యను మాత్రమే పరీక్షించిన కాలమది. ఇప్పుడట్లు చేయుటకు నియమము లొప్పుకొనవు. ఒప్పుకొన్నచోఁ బక్షపాతమునకుఁ దలుపు తెఱచినట్లగును. నేను రెండును జూచితిని గాన నిట్లు వ్రాయుచున్నాను.

నాయుడుగారి వాదనమును నేను ప్రత్యక్షముగా వినలేదు. నేను పుట్టునప్పటికే వారు గతించిరి. గ్రామఫోను పలకలయందు నిలిచినదియు, ఆకాశవాణి భద్రపఱచి యప్పుడప్పుడు వినిపించినదియు మాత్రమే విన్నాను. విజయనగరమున సంస్కృతము చదువుకొను దినములలో ఒక పెద్దమనుష్యుని యింటఁ బాతపలక యొకటి తిరుగుచుండఁగా తొలిసారి వింటిని. గరగరలాడు ధ్వని నడుమ నొక్క స్వరము తెగక, వణఁకక, నూనెధారవలె సాగుట నాకిప్పటికిని జెవిలో నున్నది. ఆ ధార కమానునందలి రహస్యము. మనవారు ఫిడేలును గైకొన్నప్పుడు నెడమచేతి పనికి నిచ్చిన శ్రద్ధ కుడిచేతి కంతగా నీయలేదు. గమకములు వ్రేళ్లలోఁ బుట్టును గాని నాదము కమానునఁ బుట్టును. నాయుడుగారు పాశ్చాత్యసంగీతమును బ్రీతితో వినువారు. ఆ దేశీయులు కమానును మొదలినుండి కొనవఱకు నడపు పద్ధతిని బరిశీలించి, దానిని మన గమకమునకుఁ జెఱుపు కలుగకుండ వాడుకొనిరి. వాద్యమును దెచ్చుకొన్న నూఱేండ్లకు దానిని వాయించు విద్యలోని సగమును దెచ్చుకొన్నట్లయినది.

ఇచ్చట మన పండితులకుఁ బ్రియమైన విషయ మొకటి గలదు. కృతిని గాత్రమునఁ బాడునపుడు సాహిత్యము వినఁబడును. వాద్యమున మాట లేదు. మాట లేని కృతి కృతియగునా? ఫిడేలు వాయించువాఁడు కమానును ద్రిప్పునప్పుడెల్ల నాదమున నొక చిన్న విఱుపు కలుగును. ఆ విఱుపు పదము ముగిసినచోఁ బడినచో సాహిత్య మెఱిఁగిన వినికరికి మాట వినఁబడినట్లే యుండును. పదము నడుమఁ బడినచో నపార్థము. 'మానసము' అను మాటలో 'మాన' యనుచోఁ గమాను మరలినయెడల వినువాని మనస్సునకు 'మానము' తోఁచును; మిగిలిన 'సము'ను వాఁ డేమి చేసికొనును? బడిపిల్లలు పద్యమును జదువుచుఁ బదచ్ఛేదమునఁ దప్పునట్లే వాదకుఁడును దప్పవచ్చును. సాహిత్యమును దెలిసి కమానును నడుపుట యొక విధమగు వ్యాకరణము. స్వతంత్రవాదనమున నీ వ్యాకరణము మఱింత యావశ్యకము, ఏలయనఁ దప్పును గప్పుటకుఁ బ్రక్కన గాయకుఁ డుండఁడు.

నాయుడుగారి పేరు దక్షిణమునఁ దొలుత మ్రోగినది 1927లో. ఆ యేఁడు మదరాసున జాతీయమహాసభతోఁగూడ సంగీతసభయు జరిగెను. దాని ఫలముగా మదరాసు సంగీతవిద్వత్సభ యేర్పడెను. ఆ సభలోఁ గళింగసీమనుండి వచ్చిన యీ విద్వాంసుని తమిళదేశపు రసికులు గుర్తించిరి. ప్రక్కవాద్యముగా వారు గొప్ప గాయకులకు వాయించుచునే యుండిరి. 1938లో వేలూరున ఫిడేలునే ప్రధానవాద్యముగాఁ బెట్టి కచేరి చేసిరి. దీనినే మన సంగీతమున మొట్టమొదటి ఫిడేలు స్వతంత్రకచేరిగా లెక్కించుట పరిపాటియైనది. 'మొట్టమొదటి' యను విశేషణమును జరిత్రకారుఁడు పొదుపుగా వాడవలయునని నా యభిప్రాయము. అంతకుమున్ను ఫిడేలును ఒంటరిగా నెవ్వరును వాయింపలేదని ప్రమాణము చేయఁబనిలేదు. పూర్తికచేరిభారమును ఫిడేలు మోయఁగలదని, టిక్కెట్టు కొని వచ్చినవాఁడు గాయకుఁ డేఁడీ యని యడుగక కూర్చుండునని లోకమునకు నమ్మకము కలిగించినది నాయుడుగారే యనుట చాలును. 1941లో సంగీతవిద్వత్సభ వారికి సంగీతకళానిధి బిరుదము నిచ్చి గౌరవించెను.

ఈ కీర్తియంతయు వచ్చుచున్న కాలమున వారి నివాస మెచ్చట? విజయనగరమున. మదరాసులో సభలు, ధనికులు, పత్రికలు నుండఁగా, జీతము పుచ్చుకొని యుదయమున సరళీస్వరములు చెప్పు పనిని వారు విడువలేదు. 1936లో నారాయణదాసుగారి యనంతరము పాఠశాలాధ్యక్షులైరి. నా విచారణ యెల్ల నీ చోటనే వచ్చి నిలుచుచున్నది. పాఠశాల విద్యను జంపునన్నచో నీ మహావాదకుని విద్య యిరువదేండ్ల బోధనముచే నేల క్షీణింపలేదు? పైపెచ్చు స్వతంత్రకచేరి పుట్టినది బోధన నడుమనే. దినమునకుఁ బదిమంది బాలురు అపస్వరముగాఁ గమాను లాగుచుండఁగా, తప్పెచ్చటఁ బుట్టుచున్నదో వ్రేలిలోనా మణికట్టులోనా యని వెదకు గురువు తన విద్యను విడఁదీసి చూచుకొనక తప్పదు. ధాతువును బ్రత్యయమును విడఁదీసి చెప్పిననే కాని తనకుఁ బదము స్వాధీనము కాదని ప్రతి వ్యాకరణోపాధ్యాయుఁడును నెఱుఁగును. నాయుడుగారి కమాను స్పష్టత కీ బోధనమే కొంత కారణమని నేను తలంచుచున్నాను. ఇది నా యూహ. కాని కారణము లేని యూహ కాదు.

పాఠశాల ఫలము శిష్యులయందుఁ దెలియును. సాలూరు వాస్తవ్యులగు పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రోపాధ్యాయులుగా నుండఁగా ఘంటసాల వేంకటేశ్వరరావుగారు వారి యొద్ద నభ్యసించిరి. విజయనగరపు వీథులలో మధుకరము ఎత్తుకొని తినుచుఁ జదువుకొన్న యా బాలుని కంఠము తరువాత నాంధ్రదేశమున వినఁబడని యిల్లు లేదు. 1940 ప్రాంతమునఁ బాఠశాలకు వచ్చిన నేదునూరి కృష్ణమూర్తిగారు ద్వారము నరసింగరావునాయుడుగారి శిష్యులై, 1991లో సంగీతకళానిధులైరి. మారెళ్ల కేశవరావుగారు నాయుడుగారి ఫిడేలు బాణిని విజయవాడకుఁ గొనిపోయిరి. ఆ యూరి యాఁడుబిడ్డయే యగు పులపాక సుశీలగారు సంగీతమునఁ బట్టము పొందినది యిచ్చటనే. ఇందుఁ గొందఱు సినిమాకుఁ బోయిరని నిట్టూర్చు పండితులు గలరు. వారితో నేను వాదింపను. శ్రుతి తప్పని గొంతు ఎచ్చట నున్నను శ్రుతి తప్పదు.

ఇట్టి ప్రశ్నమే పరదేశమునను బుట్టినదని చదివి నేనాశ్చర్యపడితిని. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు పట్టణమున, ఆఫ్రికాసంతతివారు ఇరువదవ శతాబ్దారంభమున 'జాజు' అను సంగీతమును వెలయించిరి. అందును మన రాగాలాపనమునందువలె మనోధర్మమే ప్రాణము; పాట యొక్కటే, వాయించు ప్రతిసారియు వాదనము వేఱు. అందును జెవియే గురువు, రాత్రిగోష్ఠులే గురుకులము. 1934లో పారిసునగరమున స్టెఫాన్ గ్రాపెల్లి యనునతఁడు జాంగో రైన్‌హార్ట్ అను గిటారు వాదకునితోఁ గూడి యేర్పఱచిన మేళమున ఫిడేలు ప్రధానవాద్యమైనది. మన వేలూరు కచేరికి నాలుగేండ్లు ముందు! ఎవరి నెవరును జూడలేదు. 1945లో బోస్టను నగరమున లారెన్సు బెర్క్ అనునాతఁ డీ సంగీతమునకుఁ బాఠశాలను బెట్టెను. అదియే తరువాత బెర్క్‌లీ యని ప్రసిద్ధమైనది. మనోధర్మమును బడిలోఁ జెప్పవచ్చునా యని వారును వాదించుకొనిరి, ఇప్పటికిని వాదించుకొనుచున్నారు. ఆ పాఠశాలకు నిరువదియాఱేండ్లు ముందే విజయనగరమున నొక మహారాజును, ఒక హరిదాసును, చూపుమందమైన యొక ఫిడేలు వాదకుఁడును ఆ ప్రశ్నమునకుఁ జేతలచే సమాధాన మిచ్చియుండిరి.

తరువాతి వృత్తాంతము సంగ్రహముగాఁ జెప్పెదను. 1952లో ప్రపంచప్రసిద్ధుఁడగు ఫిడేలు విద్వాంసుఁడు యెహూదీ మెన్యూహిన్ భారతదేశమునకు వచ్చినపుడు నాయుడుగారి వాదనమును విని మెచ్చెను. 1953లో సంగీతనాటక అకాడమి పురస్కారమును, 1957లో పద్మశ్రీయును వచ్చినవి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1964 నవంబరు 25వ తేదీని వారు పరమపదించిరి. 1993లో శతజయంతికిఁ దపాలాశాఖ వారి రూపముతో బిళ్లను వెలువరించెను. కుమారులు భావనారాయణరావుగారును గుమార్తె మంగతాయారుగారును ఆ విద్యనే చేపట్టిరి. పాఠశాల ప్రభుత్వాధీనమై సంగీతనృత్యకళాశాలగా నేఁడును విజయనగరమున నడచుచున్నది. 2019లో దానికి నూఱేండ్లు నిండినవి.

నాయుడుగారు వ్రాసినది కొలఁదియే. ఆ కొలఁదిలోఁ దంబురాయొక్క గుణవిశేషములను విచారించిన రచన యొకటి గలదు. ఫిడేలును బ్రక్కపీఠమునుండి నడిమిపీఠమున కెక్కించినవారు వ్రాయఁబూనినది ఫిడేలును గూర్చి కాక, వేదికమీఁద నందఱకు వెనుకఁ గూర్చుండి, ఒక్కనాఁడును దనకై తాను వాయింపఁబడని యా వాద్యమును గూర్చి. దానిని ద్యోతకమందుమో వాచకమందుమో నేనింకను నిశ్చయించుకొనలేదు.